సంచి మాట ముందే చెప్పాలి



ఈ ఉపన్యాసంలో పురీషనాళం క్యాన్సర్ అనే ఒక్క జబ్బు గురించే మాట్లాడతాను. పాతికేళ్ల కిందట నా దగ్గరికి ఒక రైతు ఇల్లాలు వచ్చింది. మలంలో రక్తం పడుతుంటే మొలలని ఎనిమిది నెలలు మందులు వాడించారు. వేలు పెట్టి చూసినవారు లేరు. నేను చూస్తే గడ్డ వేలికి తగిలింది. ఆపరేషన్ చేశాను. మెలకువ వచ్చాక పొట్టమీది మలం సంచిని తడుముకుని, "ఇదేంటి బాబూ, నాకు చెప్పలేదే" అంది. ఆమె భర్తకు చెప్పాను. ఆమెకు చెప్పలేదు. సంతకం పెట్టించుకున్న కాగితం ఇంగ్లీషులో ఉంది.

పెద్దపేగు క్యాన్సర్‌నూ పురీషనాళం క్యాన్సర్‌నూ ఒక్క గాటనే కడతాం గానీ, వైద్యంలో అవి వేరు. పెద్దపేగు గడ్డ వేరేచోటికి పాకకపోతే సాధారణంగా ముందు ఆపరేషనే. లింఫు గ్రంథులకు సోకిందని తేలితే తర్వాత మూడు నుంచి ఆరు నెలలు కీమో.  

పురీషనాళం సంగతి వేరు. ఇరుకైన కటి ఎముకల నడుమ, మూత్రాశయానికీ మలాన్ని ఆపే కండరాలకూ దగ్గరగా ఉంటుంది. అక్కడ ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు ప్రశ్న. 1908లో లండన్‌లో ఎర్నెస్ట్ మైల్స్ ప్రకటించిన పద్ధతిలో పురీషనాళాన్ని మలద్వారంతో సహా తీసేసేవారు. బతికినవారికి జీవితాంతం సంచే. 1982లో ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో పనిచేసిన సర్జన్ బిల్ హీల్డ్, పురీషనాళం చుట్టూ ఉన్న కొవ్వును దాని పొర చిరగకుండా మొత్తంగా తీయాలన్నాడు. గడ్డ అక్కడే తిరగబెట్టడం బాగా తగ్గింది. 2004లో జర్మన్ పరిశోధకులు మన జనం "కరెంటు పెట్టడం" అనే రేడియేషన్‌ను కీమోతో కలిపి ఆపరేషన్‌కు ముందే ఇస్తే మేలని చూపారు. అదే ఏడాది సావో పాలో నుంచి ఆంజెలిటా హబ్ర్-గామా అంతకంటే సాహసమైన మాట చెప్పారు. ఆమె చూసిన 265 మందిలో 71 మందికి ఈ చికిత్సతోనే గడ్డ ఆనవాలు లేకుండా పోయింది. వారిని కోయకుండా, క్రమం తప్పక పరీక్షిస్తూ కనిపెట్టుకుని ఉన్నారు. చాలామంది నమ్మలేదు. నేనూ నమ్మలేదు. ఈ రోజు ఎంచుకున్న రోగులకు అది అంగీకరించిన మార్గం.

2022లో న్యూయార్క్ నుంచి మరో కబురు. డోస్టార్లిమాబ్ అనే మందుతో చికిత్స పూర్తిచేసుకున్న తొలి 12 మందికీ గడ్డ మాయమైంది. పత్రికలు దీన్ని అద్భుతమన్నాయి. కానీ ఆ మందు వాడింది జన్యు మరమ్మతు లోపమున్న గడ్డలకే. అవి పురీషనాళం క్యాన్సర్లలో నూటికి ఐదు నుంచి పది. ఆ లోపం ఉందో లేదో బయాప్సీ ముక్కపై చేసే పరీక్ష చెబుతుంది. అది వంశంలో వచ్చిందని తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ కోలనోస్కోపీ అవసరం కావచ్చు. అందుకే ఆ పరీక్ష మందు కొనలేని ఇంట్లోవారికీ కావాలి.

ఇన్ని దారులున్నాయని రోగికి తెలిసేది ఎలా? ఎం.ఆర్.ఐ. చూశాక సర్జన్, కీమో వైద్యుడు, రేడియేషన్ వైద్యుడు కలిసి కూర్చోవాలి. తర్వాత ఆ నిర్ణయాన్ని రోగి మాటల్లో రోగికే చెప్పాలి.

ఈ సభలో తెలుగులో వైద్యం రాసేవారు చాలామంది ఉన్నారు. ఒక్క పేజీ కాగితం రాసిపెట్టండి. గడ్డ ఎక్కడుంది, ఆపరేషన్‌కు ముందు ఏం చేస్తారు, సంచి పెడతారా, పెడితే కొన్ని నెలలకా, జీవితాంతమా అన్నవి అందులో ఉండాలి. ఆ కాగితం తెలుగులో, రోగి చేతిలో, ఆపరేషన్‌కు ముందు రోజు కాదు, మొదటి రోజే ఉండేలా చూడండి.