కంది మనది, పేరును మనదే
(యాలాల్‌లో చేసిన ప్రసంగపాఠము)



తాండూరు కందిపప్పు రుచిని మీకు మేము చెప్పనక్కరలేదు. సున్నపురాతి పొరలు గల నల్లరేగడి నేల యిచ్చిన గుణమది. ఆ పేరునకును వెల గలదు. వెల గలదానికి దొంగలును గలరు. ఎక్కడనో పండిన పప్పును సంచిలో బోసి పైన ‘తాండూరు’ అని వ్రాసినచో కొన్నవాడు మోసపోవును, పండించినవాడు నష్టపోవును.

ట్రేడుమార్కు వర్తకుని సొత్తు. అతడు దాని నమ్ముకొనవచ్చును. 1999వ సంవత్సరపు భౌగోళిక సూచికల చట్టముక్రింద నమోదైన పేరు ఊరిచెరువు వంటిది; దాని నమ్ముటకుగాని తాకట్టు పెట్టుటకుగాని వీలులేదు. యాలాల్ ఫార్మర్స్ ప్రొడ్యూసర్ కంపెనీ 2020లో దరఖాస్తు పెట్టి, 2022 డిసెంబరులో చెన్నపట్టణపు రిజిస్ట్రీనుండి తాండూరు కందికి ఆ రక్షణను సాధించినది. ఇది మనకు గర్వకారణము.

కాని పట్టా వచ్చినంతమాత్రమున పొలము దున్నబడదు. రైతు అధీకృత వినియోగదారుగా నమోదైననే ఆ పేరు వాడుకొను హక్కును, దొంగపేరు పెట్టినవానిపై వ్యాజ్యము వేయు హక్కును అతనికి గలుగును. నేరము రుజువైనచో 6 నెలలు మొదలు 3 ఏండ్లవరకు కారాగారము, 2 లక్షల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. నమోదును 10 ఏండ్లకొకమారు పునరుద్ధరించుకొనవలెను.

రైతునకు సేద్యము తెలియును, దరఖాస్తు తెలియదు. అక్షరము వచ్చిన మనలో ప్రతివాడును ఒక్కొక్క రైతుకు దానిని వ్రాసిపెట్టవలెను. మేమును ఆ పని చేయుదుము, రుసుము గోరము. కంచెలేని చేను పశువులపాలు; కావలిలేని పేరు దొంగలపాలు.