ఉప్పునీట చావని సూక్ష్మజీవి


కండలేరు ఉప్పుటేరు సముద్రమును గలియు ఈ కృష్ణపట్నమున, ఉప్పునీట క్రిములన్నియు చచ్చునను నమ్మకము కొందఱికి కలదు. సముద్రపు నీట ఉప్పు నూటికి సుమారు 3.5 పాళ్లే. మనుష్యుల, పశువుల ప్రేగులలో నివసించు ఎంటెరోకాకస్ 6.5 పాళ్ల ఉప్పులోను పెరుగును!

1984 వఱకు దీనిని స్ట్రెప్టోకాకస్ తెగలోనే చేర్చియుండిరి. పైత్యరసమును, ఎస్కులిన్‌ను గలిపిన పోషకముపై పెంచినచో ఇది నలుపు కలిగించును. పశువుల ప్రేగులలోని కొన్ని స్ట్రెప్టోకాకస్‌లును నలుపు కలిగించును గాని, అవి 6.5 పాళ్ల ఉప్పులో పెరుగవు. కావున ఉప్పే ఇచట సాక్షి.

త్రాగునీట, 100 మిల్లీలీటర్లలో, ఇది ఒక్కటియు నుండరాదు. ఉన్నచో నీరెంత తేటయైనను మలము చేరినదన్నమాట. బావి చెంత మరుగుగుంటను, పశువుల పాకను ముందు చూడుడు.

ప్రయోగశాలవారిచ్చిన సీసాను కడిగి పంపువారు కలరు. కడుగరాదు. నీరు నింపి, మంచుగడ్డల నడుమనుంచి, ఆ దినముననే చేర్పవలెను.