ఇంజను ఎందుకు తుమ్ముతోంది?
(పురానాపూల్ రాత్రి బడిలో చెప్పిన మాటలు)



ఈ రోజు పాఠం వాచకంలోది కాదు. ప్రొక్లెయినరు ఇంజనుది. టీచరమ్మకు ఇంజను సంగతి ఏం తెలుసు అని నవ్వకండి. మా నాయన డీజిలు మెకానిక్కు. నేను టీచరు ట్రైనింగు చదివింది ఆయన గ్రీసు చేతుల సంపాదనతోనే.

మన పురానాపూల్ వంతెనను 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించాడు. అప్పుడు మట్టి తవ్విందంతా మనుషులే. ఇప్పుడు మూసీలో పూడిక తీయాలన్నా, నాలా తవ్వాలన్నా ప్రొక్లెయినరు రావాల్సిందే. మన బడికి వచ్చే ఒక అన్న అలాంటి బండి నడుపుతాడు. మొన్న దిగులుగా కూచున్నాడు.

"బండి గుంజుత లేదు టీచరమ్మా. వేడెక్కినంక బందు చేస్తే మళ్లా స్టార్టు అయిత లేదు. ఇంజనంతా నువ్వే ఖరాబు చేసినవ్, జీతంల పట్టుకుంట అంటున్నడు సేటు" అన్నాడు.

"ఎయిర్ ఫిల్టరు దగ్గర చప్పుడు వస్తోందా అన్నా?"

"వస్తది. ఫుస్సు ఫుస్సుమని తుమ్మినట్టు."

అసలు సంగతి ఆ తుములోనే ఉంది. ఒక్కో సిలిండరుకు గాలి వచ్చే తలుపు, పొగ పోయే తలుపు ఉంటాయి. వీటినే వాల్వులు అంటాం. డీజిలు ఇంజనులో నిప్పు పెట్టే ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కుతుంది. సైకిలు పంపు కొడితే అడుగున వేడెక్కుతుంది కదా, అలాగే. ఆ వేడికే డీజిలు అంటుకుంటుంది. గాలి వాల్వు సరిగా మూసుకోకపోతే, నొక్కిన గాలి వచ్చిన దారినే వెనక్కి తన్నుతుంది. వేడి చాలదు. బలం రాదు. కాలని డీజిలు తెల్లపొగగా పోతుంది.

ఎందుకు మూసుకోదు? ఎక్కువసార్లు కారణం దుమ్మే. ఫిల్టరు చినిగితే సన్నటి ఇసుక లోపలికి పోతుంది. వాల్వు కూర్చునే సీటును అరగదీస్తుంది. సీటు అరిగే కొద్దీ వాల్వు హెడ్డులోకి దిగుతుంది. అప్పుడు ట్యాపెట్ సందు తగ్గిపోతుంది. ఇంజను వేడెక్కితే ఆ కొంచెం సందూ మూసుకుపోయి, వాల్వు తెరిచే ఉండిపోతుంది.

అందుకే మొదట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు సందు చూడాలి. బకెట్టు నేలకు దించి, తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాకే చేయి పెట్టండి. ఆ ఇంజను ప్లేటు మీద 0.3 అని ఉంది. అన్న దగ్గర 0.25 రేకు ఉంది. "25 పెద్దది గదా, దూరకుంటే ఏంది?" అన్నాడు. ఆ రాత్రి మేం చేసింది లెక్కల పాఠమే. 30 పైసలు పెద్దవా, 25 పైసలు పెద్దవా? అప్పుడు అర్థమైంది. 0.25 రేకు సులువుగా దూరాలి. మర్నాడు చూస్తే మూడో సిలిండరు గాలి వాల్వు దగ్గర అంతకన్నా పలుచటి రేకు కూడా దూరలేదు.

తర్వాత మా నాయన వెళ్లారు. ఇంజెక్టరు తీసి, పిస్టన్‌ను రెండు వాల్వులూ మూసుకునే చోటికి తెచ్చి, ఆ రంధ్రంలోంచి కంప్రెసరు గాలి పెట్టారు. చెవి పెట్టి విన్నారు. ఫిల్టరు దారిలో బుస్సుమంటే గాలి వాల్వు. సైలెన్సరులో అయితే పొగ వాల్వు. ఆయిలు పోసే మూత దగ్గర అయితే రింగులు. రేడియేటరులో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్. "ఇంజనంతా పోయింది" అనే మాట ఈ పరీక్ష అయ్యాక అనాలి గానీ ముందు కాదు.

కొందరు నడిచే ఇంజనుకు ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసి చెడ్డ సిలిండరును కనిపెడతారు. కొత్త కామన్ రైల్ ఇంజన్లలో ఆ పని ఎవ్వరూ చేయకండి. ఆ డీజిలు చిమ్మితే చర్మం చీల్చుకుని లోపలికి దిగుతుంది.

ఈ బండిలో ఫిల్టరు దారిలోనే బుస్సుమంది. ట్యాపెట్ సరిచేస్తే నాలుగు రోజులు బాగానే నడిచింది. కానీ సీటు అరిగిపోయింది కదా, హెడ్డు దించక తప్పలేదు. వాల్వు, సీటు మార్చారు. పిస్టన్లు, రింగులు ముట్టుకోలేదు. అన్న చినిగిన ఫిల్టరు తీసుకెళ్లి సేటు ముందు పెట్టాడు. మార్చమని తాను రెండుసార్లు అడిగిన తేదీలు నోటుబుక్కులో రాసుకున్నాడు. అవీ చదివి వినిపించాడు. జీతం పట్టుకోలేదు.

ఆ నోటుబుక్కు ఈ రోజు తెచ్చాడు. అందరూ ఒకసారి చూడండి. తర్వాత పలకలు తీయండి. 0.4, 0.35, 0.05. వీటిలో ఏది పెద్దది?