పని పోతే తేదీ రాసుకోండి



సికింద్రాబాద్‌లో ఓ కార్ఖానా కార్మికుడు ఉన్నాడనుకోండి. యజమాని ఒకనాడు "రేపట్నుంచి పనికి రావద్దు" అన్నాడు. మళ్లీ పిలుస్తాడులే అని ఇతను ఎదురు చూశాడు. ఏళ్లు గడిచాయి. పిలుపు రాలేదు.

మనం ఎదురు చూస్తే చట్టం ఆగదు. పాత చట్టంలో 2010 నుంచి మూడేళ్ల గడువు ఉండేది. 2025 నవంబరు 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. గడువు రెండేళ్లకు తగ్గింది.

పని పోగానే కార్మిక శాఖలోని రాజీ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. 45 రోజులు దాటినా తేలకుంటే ట్రిబ్యునల్‌కు పోవచ్చు. తీసేసిన రోజు నుంచి రెండేళ్లలోపే పోవాలి. ఎదురు చూసిన రోజులూ ఆ లెక్కలోవే.

అక్షరం నేర్చిన చేతితో ముందు ఆ తేదీ రాసుకోండి.