గొంతుక్కూర్చోబెట్టి కొలవాలి

(పాతపట్నంలో జరిగిన స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నీ పని గురించి పది నిమిషాలు చెప్పు, నీతులు మాత్రం వద్దు" అన్నారు. నా పని బట్టలు కుట్టించడం. విశాఖలో కార్మికులు వేసుకునే డాంగ్రీలు, బాయిలర్ సూట్లు కుట్టిస్తుంటాను. అవి వేసుకుని ముప్పై ఏళ్లు పనిచేసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అందుకని గుహల్లో పాకేవాళ్లు ఒంటి మీద బట్టలకు పైన వేసుకునే సూటు గురించి చెబుతాను. ఓవర్‌సూట్ అంటారు.

మనకు గుహలంటే బొర్రా. అక్కడ మెట్లున్నాయి, రంగు దీపాలున్నాయి, పట్టుచీర కట్టుకునైనా చూసి రావచ్చు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలు కూడా పర్యాటకులు నడిచేంతవరకు అలాంటివే. కానీ 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాసినప్పుడు గానీ, 1982, 83ల్లో డేనియల్ గెబావర్ అనే జర్మన్ తన జట్టుతో వచ్చి కొలిచినప్పుడు గానీ మెట్లూ లేవు, దీపాలూ లేవు. ఇవాళ మనం చెప్పుకునే 3,229 మీటర్ల పొడవు మనుషులు లోపలికి వెళ్లి కొలిస్తే తేలినదే. టూరిజం వాళ్లు జనానికి తెరిచింది 2002లో, అదీ సుమారు సగమే. మేఘాలయలో ఈ పని ఇంకా సాగుతోంది. అక్కడి జైంతియా కొండల్లో 30 కిలోమీటర్లు దాటిన గుహ ఉంది. ఇసుకరాతిలో ఏర్పడిన క్రెమ్ పురి గుహను 2018లో కొలిస్తే 24.5 కిలోమీటర్లు తేలింది. కొలిచేవాళ్లు మోకాళ్ల మీద, మోచేతుల మీద, ఒక్కోచోట పొట్ట మీద పాకుతూ, చన్నీళ్లలో తడుస్తూ వెళ్తారు.

అలా మేఘాలయ వెళ్లొచ్చిన కుర్రాళ్లు నలుగురు ఒకరోజు నా దగ్గరకొచ్చి, చిరిగిన డాంగ్రీ ఒకటి బల్ల మీద పరిచారు. బజార్లో కొన్నది. సన్నటి సందులో పాకుతుంటే తొడ దగ్గర చిరుగు రాతి కొనకు తగులుకుని, ఒక కుర్రాడు ముందుకూ వెనక్కూ కదల్లేకపోయాడట. కింద నీళ్లు పారుతున్నాయి. వెనకున్నవాడు చెయ్యి చాపి, బట్ట కోసి, విడిపించేసరికి చాలాసేపు పట్టింది. బయటికొచ్చాక కూడా వీడికి వణుకు తగ్గలేదట. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. గుహలో బట్ట చిరగడమంటే పరువు పోవడం కాదు, ప్రాణం మీదికి రావడం.

చిరిగిన బట్ట చదువుకోదగ్గ పుస్తకం. ఆ డాంగ్రీ రాయి రాసుకున్న మోకాళ్ల దగ్గర అరిగింది, అంతే. చిరిగింది మాత్రం కాళ్ల సందున, ఆసనం దగ్గర మొదలై, కుట్టు వెంటే తొడ మీదికి వచ్చింది. అంటే దాన్ని చింపింది రాయి కాదు, వేసుకున్న మనిషే.

ఎలాగంటారా? ఇంటికెళ్లాక టేపు తీసి, మెడ వెనక ఎముక మీద నుంచి వీపు మీదుగా ఆసనం కిందకు తెచ్చి, ముందు గొంతు గుంట దాకా కొలవండి. ముందు నిలబడి, తర్వాత గొంతుక్కూర్చుని. నా ఒంటి మీద మూడు అంగుళాల పైనే తేడా వచ్చింది. చొక్కా ప్యాంటు విడిగా ఉంటే చొక్కా పైకి జరిగి ఆ తేడా ఇస్తుంది. ఒకే ముక్కగా కుట్టిన సూట్లో జరగడానికి చోటేదీ? ఆ మూడు అంగుళాలూ ఆసనం కుట్టులోంచే లాక్కుంటుంది. దర్జీలమందరం మనిషిని నిటారుగా నిలబెట్టి కొలుస్తాం. గుహలో నిలబడేదెప్పుడు? కాబట్టి ఈ సూటుకు గొంతుక్కూర్చోబెట్టి కొలవాలి. ఎదుటివాడు నిలబడితే వీపు దగ్గర సంచిలా వేలాడుతుంది, చూడ్డానికి బాగోదు. బాగోకపోతే ఏం?

రెండోది, నాలుగు కుట్లు ఒకచోట కలవకూడదు. ఆసనం దగ్గర మామూలుగా కలిసేది అక్కడే. అక్కడ డైమండు ఆకారంలో ఒక ముక్క వేస్తే కుట్లు పక్కలకు జరుగుతాయి, కాళ్లు చాపడానికి వీలూ వస్తుంది. మన తాతల కుర్తాలకు చంక కింద చదరపు ముక్క ఉండేది, గుర్తుందా? పొలంలో చెయ్యెత్తి పనిచేసేవాళ్ల కోసం ఎవరో ఎప్పుడో కనిపెట్టినది. ఓవర్‌సూట్‌కు అదే కావాలి. ఆ ముక్క లేకపోతే చెయ్యి ముందుకు చాపినప్పుడల్లా సూటంతా పైకి లేస్తుంది.

ఇక బట్ట. పొందూరు ఖద్దరు పుట్టిన జిల్లాలో నిలబడి నూలును తక్కువ చేసి మాట్లాడితే మీరు ఊరుకోరని తెలుసు. అయినా నీళ్ల గుహలో నూలు పనికిరాదు. నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, ఆరదు, ఒళ్లు చల్లబరుస్తుంది. అక్కడ వాడేవి రెండు రకాలు. ఒకటి పీవీసీ పూత పూసిన పాలిస్టర్, లారీ టార్పాలిన్ జాతిది. నీరు దూరదు, బురదలో జారుతుంది, కడిగితే పోతుంది. చిరిగితే సైకిల్ ట్యూబుకు పంచర్ వేసినట్టు ముక్క అంటించవచ్చు, జిగురు మాత్రం పీవీసీది కావాలి. రెండోది కార్డ్యూరా అనే నైలాన్, 1000 డెనియర్ది. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పట్టుపోగు 20, 22 డెనియర్లుంటుంది, పోల్చుకోండి. ఇది కాస్త గాలాడనిస్తుంది, సూదీ దారంతో ఎక్కడైనా బాగుచేసుకోవచ్చు. నన్నడిగితే కార్డ్యూరాయే. నడుం లోతు నీళ్లలో గంటలు గడిపేవాళ్లకు మాత్రం పీవీసీ.

బెలూం సంగతి వేరు. గుహ లోపలి వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. యూరప్‌లో చాలాచోట్ల అది 10 డిగ్రీల లోపు, రాయలసీమలో 28 దాపు. విదేశాల్లో మెచ్చుకున్నారని పీవీసీ సూటు వేసుకుని బెలూం ఇరుకు సందుల్లో దూరితే మనిషి చెమటలోనే ఉడికిపోతాడు. అక్కడికి నూలు, పాలిస్టర్ కలిసిన మామూలు డ్రిల్లు బట్ట చాలు, మోకాళ్లకూ మోచేతులకూ పిరుదులకూ మాత్రం కార్డ్యూరా మాసికలు. పొందూరు వాళ్లకు కొంత ఊరట!

మోకాలి మాసికను మూడు వైపులే పూర్తిగా కుట్టాలి, కింది అంచున అంగుళం ఖాళీ వదలాలి. లేకపోతే లోపల చేరిన ఇసుక తిరగలిలా బట్టను లోపల్నుంచే అరగదీస్తుంది. కుట్టు జీన్స్ ప్యాంటుకు వేసేదే, రెండంచులూ ఒకదాన్నొకటి కరుచుకునేలా మడిచి రెండు సూదులతో. దారం నైలానో పాలిస్టరో. పీవీసీ మీద కుట్లు దగ్గర దగ్గరగా వేస్తే పోస్టల్ స్టాంపు అంచులా చిల్లుల వరస పడి, ఆ వరస వెంటే ఊడొస్తుంది. చొక్కాకు అంగుళానికి 12 కుట్లు వేసే చెయ్యి దీనికి 7, 8 దగ్గర ఆగాలి. మంచి దర్జీకి ఇదే కష్టం.

బయట జేబులు వద్దు. రాతికి తగులుకుంటాయి, నీళ్లు నింపుకుంటాయి. ఛాతీ దగ్గర లోపలివైపు ఒకటి చాలు. తాడు మీద దిగేవాళ్లు సూటు పైన నడుముకూ తొడలకూ పట్టీలు బిగిస్తారు, వాటి కింద ఏ మందపు కుట్టూ ఉండకూడదు. జిప్పు పళ్లలో బురద ఇరుక్కుంటే లోపల మనిషి బందీ. రెండంగుళాల వెల్క్రో, పైన ఒక రెప్ప మేలు, బ్రష్షుతో కడిగితే మళ్లీ పట్టుకుంటుంది. పాదం కింద ఎలాస్టిక్ పట్టీ ఉండాలి, కాళ్లు ముందుగా వెనక్కి పాకేటప్పుడు కాలి బట్ట మోకాలి దాకా ఎక్కకుండా. రంగు ఎర్రదో పసుపుదో అడుగుతారు. అరగంటలో అన్నీ బురద రంగే.

ఉతకడం గురించి ఒక్క ముక్క. 2006లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో గబ్బిలాల ముక్కు మీద తెల్లటి బూజు కనిపించింది. ఆ జబ్బుతో తర్వాతి ఏళ్లలో లక్షల గబ్బిలాలు చచ్చిపోయాయి. అది గబ్బిలం నుంచి గబ్బిలానికే కాదు, మనుషుల బట్టల బురదతో కూడా ఒక గుహ నుంచి ఇంకో గుహకు చేరగలదు. అందుకే అక్కడివాళ్లు గుహ మారినప్పుడల్లా సూటును కడిగి, క్రిములు చచ్చేలా శుభ్రం చేస్తారు. మనం కుట్టేటప్పుడు చేయాల్సింది ఏమిటంటే, బురద దాక్కునే మడతలు, అస్తర్లు లేకుండా, తిరగేసి కడగడానికి వీలుగా కుట్టడం. ఆరేసేది నీడలో, ఎండకు నైలాన్ బలం పోతుంది.

ఆ నలుగురికీ కుట్టిన సూట్లు రెండు శీతాకాలాలు మేఘాలయ వెళ్లొచ్చాయి. మోకాళ్లు అరిగాయి, మాసికలు మార్చాం. ఆసనాలు గట్టిగానే ఉన్నాయి. ఇందులో పాతపట్నం దర్జీ కుట్టలేనిదేమీ లేదు. బట్ట పర్లాకిమిడిలో దొరక్కపోవచ్చు గానీ విశాఖలో దొరుకుతుంది. మామూలు గృహమిషను కార్డ్యూరా రెండు పొరల దాకా లాగుతుంది, నాలుగు పొరలు కలిసేచోట మాత్రం చక్రాన్ని చేత్తో తిప్పాలి.

మూడు సైజుల కాగితం నమూనాలు కత్తిరించి తెచ్చాను, కార్యదర్శి గారి బల్ల మీదున్నాయి. గీతల పక్కన కొలతలు తెలుగులోనే రాశాను. కావలసినవాళ్లు గీసుకుని, అసలువి అక్కడే ఉంచండి. టేపు కూడా ఉంది. ఇప్పుడే ఎవరైనా గొంతుక్కూర్చుంటానంటే కొలిచి చూపిస్తాను. మాస్టార్లను మాత్రం అడగను.