లూనా క్లచ్‌కు లైనింగు కుదుర్చుట
(యుగాది సభలో చేసిన ప్రసంగము)



గుమ్మములో గుఢీ నిలిపి, వంటింట్లో ఉగాది పచ్చడి కలుపుకొనే షోలాపూరు వారము మనము. ఈ సభలో మార్కండేయ మహర్షిని గూర్చియో, కవిత్వమును గూర్చియో విందుమని మీరు వచ్చియుందురు. కాని కార్యదర్శిగారు "మీకు వచ్చినది చెప్పండి" అన్నారు. మా అన్నదమ్ములకు వచ్చినది బండ్లు బాగుచేయుట ఒక్కటే.

1972లో కైనెటిక్ వారి లూనా వచ్చినది. మన పేటలలో సాంచాల నుండి చద్దర్ల మూటలు మోసినవి, బీడీ కార్ఖానాకు ఆకుతో పోయి బీడీలతో వచ్చినవి ఆ చిన్న బండ్లే. 2024లో విద్యుత్తుతో నడిచే లూనా వచ్చినది; దానికి క్లచ్ బాధ లేదు. అయినను తాతగారి పాత లూనాను మళ్లీ నడిపింపవలెనని పిల్లలు మా వద్దకు తెచ్చుచున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

పల్లెలో పిట్టలను తోలే వడిసెల మీరెరుగుదురు. త్రిప్పినకొలది రాయి చేతిని బయటికి లాగును. ఈ క్లచ్ కూడా అంతే. ఇంజనుతో తిరిగే ఇనుప దిమ్మెలను స్ప్రింగులు లోపలికి పట్టియుంచును. వేగము పెరిగితే దిమ్మెలు విచ్చుకొని, తమపై అతికిన లైనింగుతో చుట్టునున్న డ్రమ్మును ఒరసి పట్టుకొనును. అప్పుడు బండి కదలును. వేగము రెండింతలైతే బయటికి త్రోసే బలము నాలుగింతలగును. కనుక స్ప్రింగులోగాని, లైనింగు మందములోగాని చిన్న తేడా చిన్నదిగా ఉండదు. 1958లో హాలండులో వచ్చిన డాఫ్ కారులోను, ఫ్రాన్సు వారి సిట్రోయెన్ 2సీవీ కార్లు కొన్నిటిలోను ఉన్నది ఇటువంటి ఏర్పాటే. పాత కారైనా, పాత లూనాయైనా కుదురు తప్పితే రోగమొక్కటే.

ఆ రోగము మా చేతనే వచ్చినది. మా చిన్నాయన బండికి లైనింగు అరిగిపోయినది. దళసరిది వేస్తే ఎక్కువకాలము వచ్చునని మేము తలచినాము. డ్రమ్మును కొలవలేదు. దిమ్మెలు లోపల పట్టకపోతే అంచులు ఆకురాయితో రాచి దూర్చినాము. "ఈసారి మంచిగ పడతది చిన్నాయనా" అని చెప్పి పంపినాము. మరునాడు చలి ఉదయమున ఇంజను కొంచెము హెచ్చుగా తిరుగుచుండగా, చిన్నమ్మ ఆకు మూటతో వెనుక కూర్చుండబోయినది. పిడి త్రిప్పకముందే బండి ఉరికినది. చిన్నమ్మ క్రిందపడి మణికట్టు విరిగినది. వేయి బీడీలకింత అని కూలి వచ్చే చేయి అది. కట్టు విప్పేవరకు ఆ ఇంట్లో ఆమె కూలి లేదు. ఆమె మమ్ము ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ.

నాటి నుండి మేము డ్రమ్మును మొదట కొలుస్తాము. అరిగిన డ్రమ్ము కొత్తదానికన్న వెడల్పుగును. ఒక్కొక్కప్పుడు కోలగా కూడ అగును. అందుకని రెండు మూడు దిక్కుల కొలవవలెను. లైనింగు వంపు డ్రమ్ము వంపుతో కలియవలెను. డ్రమ్ము లోపల సుద్ద రాసి, దిమ్మెలను చేతితో విప్పి త్రిప్పితే సుద్ద ఎక్కడ అంటెనో కనపడును. నడుమనే అంటితే లైనింగు వంపు ఎక్కువ, రెండు కొసలనే అంటితే తక్కువ. అంటిన చోటనే గరుకుకాగితముతో కొద్దికొద్దిగా తీసి మళ్లీ చూడవలెను. ఓపిక పని. అచ్చులో పోగులు తీసే చేతులకు ఇది మేము నేర్పనక్కరలేదు.

దిమ్మెలు, స్ప్రింగులు జతగానే మార్చవలెను. ఒక స్ప్రింగు మెత్తనిది, ఒకటి గట్టిదియైతే ఒక దిమ్మె ముందుగా పట్టి బండి వణకుచు బయలుదేరును. అతికించే ఇనుము మీద చమురు మరక ఉండరాదు. కొన్ని జిగురులు వేడిపెట్టిగాని గట్టిపడవు. మన షోలాపూరు ఎండ ఎంత మండినను దానికి చాలదు! పొడిగా నడిచే క్లచ్‌లో నూనె కారుచుంటే ముందు ఆ కారుట ఆపవలెను. నూనె పీల్చిన లైనింగును పెట్రోలుతో కడిగినా పట్టు తిరిగి రాదు.

చివరకు బండిని స్టాండు మీద పెట్టి, ఇంజను నిదానముగా తిరుగుచుండగా వెనుక చక్రమును బ్రేకుతో ఆపి వదలవలెను. అది నిలిచియుండవలెను. మళ్లీ తిరుగనారంభిస్తే లైనింగు ఒరయుచున్నదన్నమాట. ఆ బండి మీద ఎవరిని కూర్చోబెట్టరాదు.

పాత డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకండి. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ వాడేవారు. అది ఊపిరితిత్తులను పాడుచేయును. తడిగుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో మూటకట్టి పారవేయవలెను. కొత్తది ఆస్బెస్టాస్ లేనిదని అడిగి కొనండి. సాంచాల దూది దుమ్ము చాలదా మనకు?

చిన్నమ్మ ఇప్పటికి బండి ఎక్కేముందు "చక్రం ఆగిందా బిడ్డా?" అని అడుగును. మేము వంగి చూసి చెప్పుతాము.

సభ ముగిసిన తరువాత గేటు దగ్గర ఉంటాము. లైనింగు చూపదలచినవారు డ్రమ్మును కూడ తేవలెను. ఉత్త లైనింగు తెస్తే మేమేమి చెప్పలేము.