రెండో నోట్‌బుక్కు



మన పాతబస్తీలోని ఈ బహదూర్‌పురాలోనే, జూ పార్కుకు కాస్త దూరంలో, చాలా ఏళ్ల కిందట నేను ఓపీ చూసేవాణ్ణి. ఖాలా (పిన్ని) అని పిలిచే ఓ ఆవిడ నెలనెలా వచ్చేది. ఇంట్లో చూసుకున్న షుగర్ లెక్కలు నోట్‌బుక్కులో రాసి తెచ్చేది. 110, 118, 120. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో. మూడు నెలల సగటు తేల్చే పరీక్ష చేయిస్తే 11 శాతం దాటింది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. దానికి అంటుకున్న చక్కెర, టెస్టుకు ముందు రెండ్రోజులు నోరు కట్టుకుంటే పోదు. నోట్‌బుక్కు బల్ల మీద పడేసి అరిచాను.

"మీరు తిడతారనే అట్లా రాసిన, డాక్టర్ సాబ్" అంది.

కష్టాన్ని మనిషి ఎలా తట్టుకుంటాడో చెబుతూ మనస్తత్వవేత్తలు లాజరస్, ఫోక్‌మన్ 1984లో రాసిన పుస్తకం, ఇవాళ పట్టాలు అందుకున్న మీరు పరీక్షల కోసం చదివే ఉంటారు. కష్టం మీదికి నేరుగా వెళ్లడం ఒక తీరు, అది రేపిన బాధను సర్దుకోవడం ఇంకో తీరు. పాతబస్తీలో ఈ రెండూ ఒకే మనిషిలో కనిపిస్తాయి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ సీసాను తడికుండలో జాగ్రత్తగా దాచుకునే ఆటో డ్రైవరే, సాయంత్రం ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి "ఒక్కదానికేం కాదు" అంటాడు. తెలియక కాదు, ఆ అరగంటైనా రోగిగా ఉండబుద్ధి కాక. ఈ సర్దుకోవడం ముదిరితే కాలి పుండు దాకా పోతుంది, నిజమే. కానీ తిట్లతో అది తగ్గగా నేను చూడలేదు. దాచడం మాత్రం బాగా నేర్చుకుంటారు. "అంతా పైవాడి దయ" అన్నవాణ్ణి చేతులెత్తేశాడని కేస్‌షీట్‌లో రాసేయకండి. ఆ మాట అంటూనే టైముకు సూది వేసుకునేవాళ్లు బోలెడుమంది.

మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. షుగర్ సంగతి సరే, బతుకు ఎలా సాగుతోందో కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర 26 ప్రశ్నల పట్టిక ఉంది. నిద్ర, డబ్బు, అయినవాళ్లు... అన్నీ అడుగుతుంది. షుగరెంత అని మాత్రం అడగదు.

ఆర్నెల్లకు ఖాలా మళ్లీ వచ్చింది. ఈసారి "రోజెట్లా గడుస్తోంది?" అని మాత్రమే అడిగాను. కాసేపు ఊరుకుని, సంచీలోంచి ఇంకో నోట్‌బుక్కు తీసింది. నలిగి, చాయ్ మరకలతో ఉంది. ఉర్దూలో రాసుకుంది, తనే చదివి చెప్పింది. 312 పక్కన 'శాదీ'. 260 పక్కన 'దుబాయ్ నుంచి ఫోన్ రాలేదు'. 58 పక్కన 'రోజా', అంటే ఉపవాసం.

70 కంటే తగ్గితే రోజా విడవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ తర్వాతి రంజాన్‌కు ముందే కూర్చుని తెల్లవారుజాము సహర్‌కు, సాయంత్రం ఇఫ్తార్‌కు మందుల లెక్క మార్చాం. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదని మసీదులో అడిగి తెలుసుకుని, ఆమే వచ్చి నాకు చెప్పింది.